పాలు పెంచే హార్మోన్ ఇంజెక్షన్‌తో ఆవుల కాళ్లు దెబ్బతింటాయా?

నల్గొండ జిల్లా మునుగోడు వైపు ఆరు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులు పెట్టుకున్న రైతు అడిగిన ప్రశ్న ఇది. నాలుగు ఆవులు ఈని రెండు నెలలు దాటింది, పూటకు ఐదారు లీటర్లు ఇస్తున్నాయి. పద్నాలుగు రోజులకోసారి గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ వేస్తే ఒక్కోటి రెండు లీటర్లు పెరుగుతుందని ఒకాయన చెబుతున్నాడు. కాళ్లు పడిపోతాయని ఇంకొకాయన భయపెట్టాడు. ఆ నాలుగింటిలో ఒక ఆవు వారం నుంచి కుడి వెనకకాలు సరిగా ఆనించడం లేదు. వేయించాలా వద్దా?

ముందు జవాబు చెప్తాను, కారణాలు తర్వాత. కుంటుతున్న ఆవుకు అసలు వేయించొద్దు. మిగిలిన మూడింటికి ఈ ఎండలు తగ్గేదాకా, మీ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో తేలేదాకా ఆ మాట ఎత్తొద్దు. హార్మోన్ నేరుగా గిట్టను పాడుచేయదు. కానీ ఆవు ఒంట్లో నిల్వ ఉన్నదాన్ని తీసి పొదుగుకు పంపిస్తుంది. మన దగ్గర ఎండ, సిమెంటు నేల, బోరు నీళ్లు కలిసి ఆ నిల్వను ముందే కరగదీసి పెట్టాయి. అందుకే కాళ్లు ముందు, పాలు తర్వాత అంటాను.

ఆయన వేస్తానంటున్నది నిజంగా గ్రోత్ హార్మోనేనా అన్నది మొదట తేల్చుకోండి. మన ఊళ్లలో 'పాల ఇంజెక్షన్' అంటే చాలాసార్లు ఆక్సిటోసిన్. పాలు పిండే ముందు వేస్తారు, ఒకటి రెండు నిమిషాల్లో ఆవు చేపుకొస్తుంది. అది పొదుగులో ఉన్న పాలను దించుతుంది, అంతే. కొత్తగా పాలు తయారు చేయదు. రోజూ వేస్తే సూది లేకుండా చేపడం మానేస్తుంది. గ్రోత్ హార్మోన్ తీరు వేరు. దాని పేరు బొవైన్ సొమాటోట్రోపిన్, బీఎస్‌టీ అంటారు. ఆవు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో సహజంగా తయారయ్యే ప్రోటీన్ అది. మందుగా అమ్మేది బ్యాక్టీరియాలో తయారు చేసినది. నెమ్మదిగా కరిగేలా చిక్కటి మందుగా సిరంజిలోనే నింపి వస్తుంది, చర్మం కింద వేస్తారు, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. పాలు పెరగడం మూడు నాలుగు రోజుల తర్వాత కనిపిస్తుంది. కాబట్టి రోజూ వేయాలన్నా, జేబులోంచి తీసిన చిన్న గాజు బుడ్డీ చూపించినా, వేసిన పూటే పాలు పెరుగుతాయన్నా అది బీఎస్‌టీ కాదు. లేబుల్ లేని బుడ్డీ ఏదైనా సరే కొట్టంలోకి రానివ్వొద్దు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 1960లో 12వ సెక్షన్ పాలు పెంచడానికి పశువు ఆరోగ్యానికి హాని చేసే ఏ ఇంజెక్షన్ వేసినా నేరమే అంటుంది. వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు, పశువును ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం కూడా అందులో ఉన్నాయి. రిజిస్టరైన పశువైద్యుడి చీటీ లేకుండా హార్మోన్ వేయించుకోవడం ఎందుకు తగదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇక కాళ్ల మాట. అమెరికాలో ఈ మందుకు 1993 నవంబరులో అనుమతి వచ్చింది, 1994 నుంచి అమ్మారు. 500 మిల్లీగ్రాముల మోతాదు, ఈనిన తొమ్మిదో వారం నుంచి, పద్నాలుగు రోజులకోసారి. అక్కడి లేబుల్ మీదే వెనక మోకాళ్లు వాయడం, పాదం దగ్గర జబ్బులు పెరిగాయని రాశారు. అయితే దానివల్ల కుంటు పెరిగిందని ఆ పరీక్షల్లో తేలలేదని కూడా రాశారు. కెనడా ప్రభుత్వం 1999 జనవరిలో అనుమతి ఇవ్వలేదు. అక్కడి పశువైద్య నిపుణుల బృందం అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే కుంటు వచ్చే ప్రమాదం సుమారు 50 శాతం, పొదుగువాపు ప్రమాదం సుమారు 25 శాతం పెరిగాయని, చూడి నిలవడం తగ్గిందని తేల్చింది. ఐరోపా యూనియన్ 2000 జనవరి 1 నుంచి పూర్తిగా నిషేధించింది. 2014లో అచ్చయిన ఇంకో విశ్లేషణ మాత్రం కుంటు పెరగలేదంది. లెక్కలు రెండు వైపులా ఉన్నాయని దాచకుండా చెప్పాలి.

50 శాతం అంటే సగం ఆవులు కుంటుతాయని కాదు. మామూలుగా వందలో ఇరవై కుంటే మందలో ముప్పై కుంటుతాయని. మందలో ముందునుంచే కుంటు ఎక్కువుంటే దెబ్బ పెద్దది, లేకపోతే చిన్నది. మీ కొట్టంలో ఇప్పటికే ఆరింటిలో ఒకటి కుంటుతోంది, ఆ లెక్కను అలా చదువుకోండి.

ఎందుకు ఇలా జరుగుతుందో గిట్ట లోపల చూస్తే తెలుస్తుంది. గిట్టలోపలి ఎముకకూ, నేలకు ఆనే గట్టి అడుగుకూ మధ్య మడమ వైపు ఒక కొవ్వు మెత్త ఉంటుంది. ఐదారు వందల కిలోల బరువు ఆ మెత్త మీదే పడుతుంది. ఆవు చిక్కితే వీపు మీది కొవ్వుతో పాటు ఈ మెత్త కూడా పలచబడుతుంది. అప్పుడు ఎముక మొన లోపలి పచ్చిమాంసాన్ని నేలకు అదిమేస్తుంది, అక్కడ రక్తం కమిలి చివరికి పుండవుతుంది. బీఎస్‌టీ వేసిన కొద్ది రోజులకే పాలు పెరుగుతాయి గానీ, ఆవు మేత ఎక్కువ తినడం మొదలుపెట్టేది నాలుగైదు వారాలు దాటాకే. మధ్యలో ఆ పాలన్నీ ఒంట్లో కొవ్వు కరిగించి ఇచ్చేవే. మనం మొదటి నెలలో సంబరపడే రెండు లీటర్లు ఈ మెత్తలోంచే వస్తున్నాయని గుర్తుంచుకోవాలి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఈనే సమయంలో కటి కీళ్లు వదులు కావడానికి వచ్చే మార్పులే గిట్టలోపల ఎముకను పట్టి ఉంచే పీచునూ వదులు చేస్తాయి. ఈనిన వారాల్లో సిమెంటు మీద ఎక్కువసేపు నిలబెడితే అడుగున కమిలిపోతుంది. గిట్ట నెలకు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి ఆ కమిలిన చోటు పైకి కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. సరిగ్గా అప్పుడే, తొమ్మిదో వారంలో, ఈ సూది మొదలవుతుంది. సూది వేశాక కాలు పట్టిందని రైతు అనుకుంటాడు, సూదితో సంబంధం లేదని అమ్మినాయన వాదిస్తాడు. నిజానికి దెబ్బ ఈనినప్పుడే తగిలి ఉంటుంది, మానే సమయంలో సూది దాన్ని మాననివ్వదు. మీ ఆవు ఇంకా ఒక్క సూది కూడా వేయించుకోకుండానే రెండు నెలలకు కుంటుతోంది, అది ఇందువల్లే అయ్యుండొచ్చు.

మన ప్రాంతానికి వచ్చేసరికి ఎండ పెద్ద కారణం. మేలో నల్గొండ, మిర్యాలగూడ వైపు 44, 45 డిగ్రీలు దాటుతుంది. హెచ్‌ఎఫ్ రక్తమున్న ఆవుకు పాతిక డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలు. వేడికి ఆవు పడుకోదు, గాలి తగలాలని నిలబడే ఉంటుంది. విస్కాన్సిన్‌లో పాడి ఆవుల మీద కొలిచినప్పుడు పడుకునే సమయం రోజుకు దాదాపు 11 గంటల నుంచి 8 గంటలకు పడిపోయింది. అక్కడి వేసవి మన రోహిణి కార్తెతో పోల్చలేనంత చల్లన. దానికి తోడు ఆవు రొప్పుతూ చొంగ కారుస్తుంది, నెమరుతో కడుపులోకి పోవాల్సిన లాలాజలం, అందులోని సోడా బయటికి పోతాయి, కడుపు పులుస్తుంది. బీఎస్‌టీ పాలతోపాటు ఒంటి వేడిని కూడా పెంచుతుంది. మార్చి నుంచి గట్టి వానలు పడేదాకా వద్దనడానికి కారణం ఇదే. ఎండల్లో తగిలిన దెబ్బ కుంటుగా బయటపడేది ఆగస్టు, సెప్టెంబరులో. అప్పుడు అందరూ బురదను తిడతారు.

రెండోది నీళ్లు. దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి మండలాల్లో కుంటే పశువు ఏదైనా ముందు ఫ్లోరైడ్ సంగతి చూడాలి. మనుషులకు తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రమాణం. పశువులకు 2 మిల్లీగ్రాములు దాటకపోతే మేలు. మీ బోరులో లీటరుకు 4 ఉందనుకోండి. పాలిచ్చే ఆవు ఎండాకాలం 80 లీటర్లు తాగితే రోజుకు 320 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ లోపలికి పోతోంది, మేతలోది, ఖనిజ లవణాలలోది కాక. పాలు పెరిగితే నీళ్లూ ఎక్కువ తాగుతుంది. అంటే పాలు పెంచే ఏ సూదైనా ఈ నీళ్ల మీద ఉన్న ఆవుకు ఫ్లోరైడ్ మోతాదునూ పెంచుతుంది. పాలలోకి వెళ్లేది చాలా తక్కువ, ఎక్కువ భాగం ఎముకల్లోనే దిగుతుంది.

గుర్తుపట్టడం ఇలా. ఇక్కడే పుట్టి పెరిగిన పశువైతే కింది ముందు పళ్లు చూడండి: సుద్దలా తెల్లటి మచ్చలు, పసుపు, గోధుమ చారలు, గుంటలు, వయసుకు మించిన అరుగుదల. పళ్లు తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితేనే ఇవి వస్తాయి. చిత్తూరు నుంచో కర్ణాటక నుంచో రెండో ఈతలో కొని తెచ్చిన ఆవు పళ్లు శుభ్రంగా ఉంటాయి, అది చూసి మోసపోవద్దు. అలాంటి ఆవుకు మోకాలి కింది పొడుగు ఎముక మీద, కింది దవడ అంచున, పక్కటెముకల మీద వేళ్లతో నెమ్మదిగా తడమండి. గట్టిగా, ఎగుడుదిగుడుగా బొడిపెలు తగులుతాయి. కుంటు ఒకరోజు ఈ కాలు, ఇంకోరోజు ఆ కాలు అన్నట్టు మారుతుంది, లేచేటప్పుడు బిగుసుకుపోయినట్టు ఉంటుంది. గిట్ట చెక్కి చూస్తే ఏమీ కనపడదు. గిట్టలోని ఎముక చిట్లితే నొప్పి తగ్గించుకోవడానికి ముందుకాళ్లు కత్తెరలా వేసి నిలబడుతుంది.

నీటి నమూనాను గాజు సీసాలో కాకుండా అదే నీళ్లతో మూడుసార్లు కడిగిన ప్లాస్టిక్ సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌కు ఇవ్వండి. బోరు పది నిమిషాలు పోశాక పట్టాలి. ఎక్కువ వస్తే ఫ్లోరోసిస్‌కు, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బుకు, మందు వెతకొద్దు, నీళ్లు మార్చడమే మందు. భగీరథ నీళ్లు అందితే పాలిచ్చేవాటికి, రెండేళ్ల లోపు పెయ్యలకు అవే పెట్టండి. అన్నిటికీ చాలకపోతే కలపండి: లీటరుకు 4 ఉన్న బోరు నీళ్లు ఒక వంతు, అర మిల్లీగ్రాము ఉన్న మంచినీళ్లు రెండు వంతులు కలిపితే 1.7 దగ్గరికి వస్తుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. కానీ ఆరు ఆవులకు రోజూ ఐదు వందల లీటర్లు ఆ పద్ధతిలో తీర్చడం రైతు వల్ల అయ్యే పని కాదు. ఖనిజ మిశ్రమం కొనేటప్పుడు పశువుల మేత రకం డైకాల్షియం ఫాస్ఫేట్‌తో చేసినది, ఐఎస్ఐ గుర్తున్నది చూసి తీసుకోండి. ఎరువుల కోసం వాడే ఫాస్ఫేట్‌లో ఫ్లోరిన్ ఎక్కువ ఉంటుంది, చవకని అది కలిపితే నీళ్లు మార్చిన ఫలితం పోతుంది.

ఇప్పుడు కుంటుతున్న ఆవు. రేపు పొద్దున గట్టి చదును నేల మీద నడిపించి పక్కనుంచి చూడండి. నిలబడ్డప్పుడూ నడిచినప్పుడూ వీపు సమంగా ఉంటే ఒకటో స్కోరు. నడిచేటప్పుడు మాత్రమే వీపు విల్లులా వంగితే రెండు. రెండు వేళలా వంగితే మూడు. ఒక కాలు మీద బరువు పడనీయకుండా నడిస్తే నాలుగు. అసలు ఆనించకపోతే ఐదు. మీరు చెప్పినదాన్నిబట్టి అది నాలుగు. మిగిలిన ఐదింటినీ కూడా నడిపించండి, రెండో స్కోరు ఆవు కంటికి కుంటుతున్నట్టు కనపడదు, నష్టం అక్కడే మొదలవుతుంది.

జ్వరం చూడండి. నోట్లో బొబ్బలు, గిట్టల మధ్య పుండ్లు, చొంగ ఉంటే గాలికుంటు. తొడ మీదో జబ్బ మీదో వాపు వచ్చి నొక్కితే కరకరమంటే జబ్బవాపు, గంటల మీద డాక్టర్ రావాలి, సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయండి. ఒక్కసారిగా జ్వరం వచ్చి కాళ్లు మార్చి మార్చి కుంటి మూడు రోజుల్లో తగ్గితే మూడు రోజుల జ్వరం. ఇవేవీ కాకపోతే గిట్ట విప్పి చూడాల్సిందే. పైనుంచి చూసి సూది వేసి వెళ్లిపోతే కుంటు నెలల తరబడి సాగుతుంది.

కాలు కట్టి ఎత్తాక ముందు నీళ్లతో, బ్రష్‌తో కడగాలి. వెనకకాలిలో బయటివైపు గిట్టనే ముందు అనుమానించండి, బరువు దానిమీదే ఎక్కువ పడుతుంది. ముందుకాలైతే లోపలివైపు గిట్ట. పైన గట్టి కొమ్ము (గిట్ట పైనుండే గట్టి పొర) మొదలయ్యే చోటు నుంచి కొస దాకా హెచ్‌ఎఫ్ ఆవుకు ఏడున్నర సెంటీమీటర్లు ఉండాలి, అంతకంటే పెరిగింది కోయాలి. అడుగు కనీసం 5 మిల్లీమీటర్ల మందం మిగలాలి, బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోందంటే ఇక కత్తి ఆపండి. తర్వాత అడుగు, మడమ కలిసే చోట, లోపలి అంచుకు దగ్గరగా చూడండి. అక్కడ ఎర్రటి మరకో, మెత్తబడిన చోటో, పైకి ఉబికిన పచ్చిమాంసమో ఉంటే అది అడుగు పుండు. గిట్ట పక్క గోడకూ అడుగుకూ మధ్య తెల్ల గీతలో నల్లటి చీలిక ఉండి, తవ్వితే చీము వస్తే అది వేరే జబ్బు, దాన్ని పూర్తిగా తెరిచి చీము పోనిస్తే రెండు రోజుల్లో తేడా తెలుస్తుంది.

అడుగు పుండుకు అసలు వైద్యం బరువు తీసేయడం. బాగున్న పక్క గిట్టకు చెక్క దిమ్మ అంటించి పుండున్న గిట్ట నేలకు తగలకుండా చేస్తే మానుతుంది. పుండు చుట్టూ వదులుగా ఉన్న కొమ్మును పలచగా చెక్కాలి, పచ్చిమాంసం కోయొద్దు. మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు పుండులో మైలుతుత్తం పొడి నింపి గట్టిగా కట్టేయడం. అది పచ్చిమాంసాన్ని కాల్చేస్తుంది, కొత్త కొమ్ము పుట్టాల్సిన పొరనే చంపుతుంది. కట్టు రోజుల తరబడి తడిసి లోపల కుళ్లుతుంది. అడుగు పుండుకు యాంటీబయాటిక్ కూడా పనిచేయదు. గిట్టల మధ్య చీలి, దుర్వాసన వచ్చి, పైన సమానంగా వాచి జ్వరముంటే అది గిట్టల కుళ్లు, దానికే యాంటీబయాటిక్ కావాలి. నొప్పికి మెలాక్సికామ్ డాక్టర్ చేత వేయించండి, పాలు ఎన్ని రోజులు పోయొద్దో అడిగి రాసుకోండి. డైక్లోఫెనాక్ మాత్రం వేయనివ్వొద్దు, రాబందులు చచ్చిపోతున్నాయని 2006లోనే పశువులకు నిషేధించారు.

మైలుతుత్తానికి సరైన చోటు కాళ్ల స్నానం. 10 లీటర్ల నీళ్లకు అర కిలో, అంటే 5 శాతం. ఆరు ఆవులకు తొట్టి కట్టనక్కరలేదు, కడిగిన గిట్టల మీద మందు కొట్టే డబ్బాతో గిట్టల మధ్య, మడమ వెనక తడిసేలా కొట్టి అరగంట పొడినేల మీద నిలబెట్టండి. వానాకాలంలో వారానికి రెండుసార్లు చాలు. పేడ ఉన్న గిట్ట మీద కొడితే మందు పేడలోనే చచ్చిపోతుంది. మిగిలిన నీళ్లను గొర్రెలు తాగే చోట, గడ్డి మీద పోయొద్దు. మైలుతుత్తంలోని రాగి గొర్రెలకు విషం. పాలమూరు, నల్గొండ వైపు ఒకే వాకిట్లో గొర్రెలూ ఆవులూ ఉంటాయి కాబట్టి ఈ జాగ్రత్త తప్పదు.

దాణా విషయానికి వస్తే పాలు పెంచాలన్న ఆశతో ఒకేసారి నాలుగైదు కిలోలు పెట్టడమే గిట్టలకు పెద్ద శత్రువు. కడుపు పులిస్తే గిట్టలోపలి రక్తనాళాలు దెబ్బతింటాయి, డాక్టర్లు లామినైటిస్ అనేది అదే. ఒక్కసారికి రెండు, రెండున్నర కిలోలు మించొద్దు. పన్నెండు లీటర్ల ఆవుకు ఒంటికి కిలోన్నర, పాలకు రెండున్నర లీటర్లకు ఒక కిలో చొప్పున మొత్తం ఆరు కిలోల పైచిలుకు వస్తుంది, దాన్ని మూడుసార్లు పెట్టండి, ముందు కాస్త వరిగడ్డి తిననిచ్చి. వంట సోడా రోజుకు 100 గ్రాములు దాణాలో కలపొచ్చు. పెళ్లిలో మిగిలిన అన్నం, నూకల జావ బకెట్ల కొద్దీ పోయడం ఆపేయండి. పేడ పలచగా, బుడగలతో, మొక్కజొన్న గింజ అలాగే కనిపిస్తూ పడుతుంటే కడుపు పులిసినట్టే. పడుకున్న ఆవుల్లో సగానికి పైగా నెమరు వేస్తుండాలి.

ఖనిజ మిశ్రమం ఈ పాలకు రోజుకు 60 నుంచి 80 గ్రాములు. గిట్ట గట్టిపడాలంటే జింక్, బయోటిన్ పనికొస్తాయి. బయోటిన్ రోజుకు 20 మిల్లీగ్రాములు, కనీసం నాలుగైదు నెలలు ఇవ్వాలి. కొమ్ము కొత్తగా పుట్టి కిందికి దిగాలి కదా, వారం వాడి ఫలితం లేదంటే ఎలా?

నేలకు ఒక పరీక్ష ఉంది. ఆవు పడుకునే చోట మీరు మోకాళ్ల మీద ఒక్కసారిగా కూర్చోండి. మీకు నొప్పి పుట్టినా, పంచె తడిసినా ఆ చోటు ఆవుకూ పనికిరాదు. రబ్బరు మ్యాట్ ఒక్కటే వేసి పైన గడ్డి లేకపోతే వెనక మోకాలి బయటివైపు బొచ్చు ఊడి, తర్వాత వాపు వస్తుంది. మ్యాట్ మీద రెండు అంగుళాల మందాన తరిగిన వరిగడ్డో, రంపపు పొట్టో పరచండి. తలుగు మరీ పొట్టిగా కడితే ఆవు లేచేటప్పుడు తల ముందుకు చాచలేక ముందు మోకాళ్లు రాసుకుంటుంది. ఎండాకాలం కొట్టం బయట వేపచెట్టు కింద మట్టినేల మీద రాత్రంతా వదిలేస్తే సగం సమస్య తీరుతుంది. పగలు నీళ్లు చల్లి ఫ్యాను పెడితే ఆవు పడుకుంటుంది, కానీ చల్లిన నీళ్లు కాళ్ల కింద నిలవొద్దు.

డబ్బు లెక్క కూడా వేద్దాం. బాగా మేపిన ఆవుల్లో బీఎస్‌టీతో పెరిగేది మోటుగా 10 నుంచి 15 శాతం. మీ పన్నెండు లీటర్ల ఆవుకు అంటే రోజుకు లీటరున్నర, రెండు లీటర్లకు చేరదు. మేత సరిపోని ఆవుకు అదీ రాదు. లీటరు 40 రూపాయలనుకుంటే పద్నాలుగు రోజులకు 21 లీటర్లు, 840 రూపాయలు. దానికి అదనంగా ఎనిమిది కిలోల దాకా దాణా, కిలో 28 అనుకుంటే 225 పోతుంది. మిగిలిన 615లోంచి సూది ధర, వేసినాయన కూలి తీసేయండి. అదే ఆవు కాలు పట్టి రెండు నెలలు రోజుకు రెండు లీటర్లు తగ్గితే 120 లీటర్లు, 4,800 రూపాయలు. ఎదకు రావడం ఆలస్యమై, చూడి నిలవక పోయే నెలలు అదనం. ఈ లెక్కలో మీ ధరలు పెట్టుకుని చూడండి.

వానలు పడ్డాక, నీళ్ల రిపోర్టు మంచిగా వచ్చాక కూడా మీ డాక్టర్ వేద్దామంటే ఆవును ఆవుగా చూసి నిర్ణయించాలి. ఈనిన అరవై రోజులు దాటి ఉండాలి, చూడి కట్టినట్టు పరీక్షలో తేలితే మరీ మంచిది. నడక ఒకటో స్కోరు ఉండాలి. ఒంటి స్కోరు ఐదుకు మూడు దగ్గర ఉండాలి, తుంటి ఎముకలు మొనదేలి తోకమొదలు దగ్గర గుంట పడిన ఆవుకు వద్దు. గత ఈతలో పొదుగువాపు వచ్చిన ఆవుకూ వద్దు. వేసిన తర్వాత వారానికోసారి నడిపించి చూసి, నడిచేటప్పుడు వీపు వంగిన రోజే తర్వాతి సూది ఆపేయండి. ఆపితే ప్రమాదమేమీ లేదు, రెండు వారాల్లో పాలు పాత లెక్కకు వస్తాయి.

కుంటే ఆవుకు చెక్క దిమ్మ అంటించాక నాలుగో వారంలో ఒకసారి విప్పి చూపించండి. దిమ్మ దానంతటదే ఊడిపోకపోతే ఆరు వారాలు దాటి ఉంచొద్దు, బాగున్న గిట్ట కూడా నలిగిపోతుంది. ఈలోగా దాన్ని పాలు పిండే చోటికి ఎక్కువ దూరం నడిపించకుండా దాని దగ్గరికే వెళ్లి పిండండి. మిగిలిన రెండు చూడి ఆవులకు ఈనడానికి రెండు నెలల ముందే, ఒట్టిపోయినప్పుడే గిట్టలు చెక్కించి మట్టినేలకు మార్చండి.